మధుకర్ పరుగెత్తుతాడా?

మధుకర్ ఒకసారి పరికరం నిలబెట్టాడంటే కొలత ముగిసేదాకా అక్కడి నుంచి కదలడు. ఎల్బీనగర్ నుంచి తుర్కయంజాల్ దాకా ప్లాట్లు కొన్నవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలుసు. పెళ్లయిన కొత్తలో నాకది ముచ్చటగా ఉండేది. కానీ సునామీ వచ్చి నెల కూడా కాని ఒక దీవిలో, నేల ఇంకా అప్పుడప్పుడూ కదులుతున్న చోట, సముద్రపు ఒడ్డున తను పరికరం నిలబెట్టుకుని ఉన్న రోజుల్లో ఆ గుణం తలచుకుంటేనే నాకు భయమేసేది.

తను పుట్టింది పోచంపల్లి పక్క ఊళ్లో, చేనేత ఇంట్లో. మా మామయ్య బాలనర్సయ్యగారు చిటికి కట్టేవారు. రంగులో ముంచే ముందు, గీసిన గీతల ప్రకారం నూలును అక్కడక్కడా బిగించి కట్టడమే చిటికి. కట్టిన చోట రంగు ఎక్కదు. అక్కడే చీర మీద పువ్వు పడుతుంది. ఒక కట్టు కొంచెం జరిగినా చీర పొడుగునా పువ్వు వంకరపోతుంది. మధుకర్‌కు చదువు రాకముందే ఈ కట్టడం వచ్చిందట. తర్వాత మామయ్య మగ్గం వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టారు. మధుకర్ పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి భూములు కొలిచే పనిలో చేరాడు. మూడుకాళ్ల స్టాండు మీద దుర్భిణిలాంటి యంత్రం, దానికి ఎదురుగా కొంత దూరంలో అద్దం బిగించిన పోల్ పట్టుకుని ఇంకో మనిషి. వీధుల్లో మీరు చూసే ఉంటారు.

నాకు పరిచయమైంది తుర్కయంజాల్‌లో. మా నాన్న గంగాధరరావుగారు రేపల్లె నుంచి బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. రిటైరయ్యాక ఒక ప్లాటు కొన్నారు. దాని హద్దులు కొలవడానికి మధుకర్ వచ్చాడు. ఉస్మానియాలో జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ ముగించి ఖాళీగా ఉన్న నేను ఊరికే తోడు వెళ్లాను.

"బాబూ, ఆ రాయి కాస్త అవతలికి జరపకూడదూ? పక్కన ఎవరూ లేరుగా" అన్నారు నాన్న.

"రాయి జరుపుత సర్. భూమి జరగదు గదా" అన్నాడు మధుకర్, యంత్రంలోంచి కన్ను తీయకుండానే.

ఇంతలో వాన మొదలైంది. మేమంతా కార్లోకి పరుగెత్తాం. తను మాత్రం గొడుగు తెరిచి యంత్రానికి పట్టాడు. వాన తన నెత్తి మీద. మొదలుపెట్టిన రాయి దగ్గరికే మళ్లీ తిరిగొచ్చి లెక్క కలపాలట. మధ్యలో ఎత్తేస్తే పొద్దుటి నుంచీ కొలిచిందంతా వృథా అట. "వీడికి పిల్లనెవరిస్తారే" అని నాన్న నవ్వారు. ఆ ప్రశ్నకు జవాబు తన పక్కసీట్లోనే కూర్చుని ఉందని ఆయనకు అప్పటికి తెలియదు.

ఇప్పుడు మాకు అభిరామ్. రెండేళ్లు నిండాయి. ఎల్బీనగర్‌లో అత్తయ్య, మామయ్యలతో కలిసే ఉంటాం. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను.

కృష్ణకుమారి మేడం నాకు యూనివర్సిటీలో సీనియర్. ఇప్పుడు సునామీల మీద పరిశోధన చేస్తున్నారు. ఇండోనేషియా తూర్పు కొసన ఒక చిన్న దీవిని సునామీ కొట్టిన రెండు వారాలకు ఆవిడ ఫోన్ చేశారు. నాలుగు దేశాల శాస్త్రవేత్తలు ఒక జట్టుగా అక్కడికి వెళుతున్నారు. యంత్రం మీద చెయ్యి తిరిగిన మనిషి ఒకరు తక్కువయ్యారు. "మీ ఆయన వస్తాడా?" అని అడిగారు.

సునామీ వచ్చినప్పుడు శాస్త్రవేత్తలు చేసే పని రెండు విడతలుగా ఉంటుంది. మొదటిది నిమిషాల్లో జరిగేది. భూకంపాన్ని పసిగట్టిన కేంద్రాలు సముద్రాల్లోని పరికరాలు చెప్పిన సంగతుల్ని దేశదేశాలకూ పంపుతాయి. తమ జనానికి ఏం చెప్పాలో ఆయా దేశాల కేంద్రాలు నిర్ణయించుకుంటాయి. రెండో విడత వారాల తర్వాత. బతికున్నవాళ్లను వెతికే పని ముగిశాక, ఆ దేశం అనుమతి ఇచ్చాక, ఇలాంటి జట్లు వెళతాయి. నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయి, ఎంత లోపలికి వచ్చాయి, ఎటు నుంచి వచ్చాయి అని ఒక్కో గోడా, ఒక్కో చెట్టూ చూసి కొలుస్తాయి, మనుషుల్ని అడుగుతాయి. మళ్లీ సునామీ వస్తే ఎవరు ఎక్కడికి పరుగెత్తాలో చెప్పే పటాలు ఆ కొలతల మీదే తయారవుతాయి. మరీ ఆలస్యమైతే లాభం లేదు. వానలు మరకల్ని కడిగేస్తాయి. వానకంటే ముందు మనుషులే కడిగేస్తారు.

ఇదంతా నేను చదువుకున్నదే. చదువుకున్నాను కాబట్టే భయం. పెద్ద భూకంపం తర్వాత చిన్నవి వస్తూనే ఉంటాయి, రోజులు గడిచేకొద్దీ తగ్గుతాయి. కానీ తగ్గుతూ తగ్గుతూ ఒకటి పెద్దది రాదని ఏ పుస్తకమూ హామీ ఇవ్వదు.

"ప్లాట్లు కొలిచి కొలిచి ప్రాణం విసిగింది అమలా. ఒక్కసారన్న మనుషులు కొట్లాడుకోని కొలత కొలుస్త" అన్నాడు మధుకర్.

వెళ్లొద్దని అనలేకపోయాను. అత్తయ్యకు మాత్రం చెప్పొద్దన్నాడు. కొన్నేళ్ల కింద అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగినప్పుడు వీళ్లు కోదండరాంనగర్‌లో ఉండేవారు. ఇల్లు మునిగింది. అప్పటి నుంచి గట్టి వాన పడితే అత్తయ్య నిద్రపోరు. అందుకని ఒడిశా పోతున్నాననీ, తుఫాను నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కొలవాలనీ చెప్పాడు. నేను పక్కన నిలబడి తలూపాను.

వెళ్లేముందు కృష్ణకుమారి మేడం జట్టు నియమాలు వివరించారు. అన్నింటికంటే పెద్దది ఇది: యంత్రంలో కన్ను పెట్టినవాడికి ఆ చిన్న గుండ్రంలో కనిపించేదే లోకం. అందుకని పోల్ పట్టుకున్న మనిషే సముద్రాన్ని గమనిస్తూ ఉండాలి. నేల బలంగా కదిలినా, నీళ్లు వెనక్కి పోయినా, ఆ మనిషి మాటే ఆఖరు. యంత్రం ఎక్కడున్నది అక్కడే వదిలేసి గుట్ట ఎక్కాలి.

"మధుకర్ విన్నాడా మేడం?" అని అడిగాను.

"సంతకం పెట్టాడు కదా అమలా."

"సంతకం సంగతి కాదండీ. విన్నాడా?"

ఆవిడ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

దీవి నుంచి రోజూ ఫోన్ చేసేవాడు. ఊళ్లో బడి పంతులమ్మ ఒకావిడ తనకు పోల్ పట్టుకుంటోందట. యాభై దాటిన మనిషి, పేరు మార్తా. ఇబు మార్తా అని పిలుస్తారట. ఇబు అంటే అక్కడి భాషలో అమ్మ. కొంచెం ఇంగ్లీషు వచ్చు. బడికి పునాదులు తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి ఇప్పుడు ఆవిడకు ఈ పని. ఊరివాళ్లు ప్రార్థన రోజుకని గోడలన్నీ కడిగేసుకున్నారట. బీరువా వెనక, తలుపు చాటున ఎక్కడైనా మరక మిగిలితే అదే దొరికినట్టు. "ఈడ గూడ కొట్లాడుతున్నరు అమలా" అని కూడా చెప్పాడు. నీళ్లు వచ్చినట్టు తేలిన గీత లోపల మళ్లీ ఇల్లు కట్టుకోనివ్వరేమోనని కొందరికి అనుమానమట. మా ఇంటిదాకా నీళ్లు రాలేదని ఒకాయన ప్రమాణం చేస్తే, ఆయన భార్యే నవ్వి చెట్టు కొమ్మకు చిక్కుకున్న ఆయన లుంగీని చూపించిందట.

ఒకరోజు అందరం ఉండగా ఫోన్ చేశాడు.

"అమ్మా, కోదండరాంనగర్‌ల మనింట్ల నీళ్లు ఎంతదాంక వచ్చినయే?"

"నడుముదాంక" అన్నారు అత్తయ్య.

"యాడ నడుముదాంక? మోకాళ్లు గూడ మునగలే" అన్నారు మామయ్య పేపర్ మడుస్తూ.

"నువ్వు మంచమెక్కి కూసుంటివి. నీకెట్ల మునుగుతయ్?"

"మరక ఉండె గదా గోడకు?" అన్నాడు మధుకర్.

"పండుగకు సున్నమెయ్యలేదారా? మురికి గోడలు పెట్టుకొని బతుకమ్మ ఆడాల్నా?"

మధుకర్ అవతల పడిపడి నవ్వాడు. మనుషుల్ని అడిగిన తర్వాత కూడా గోడల్ని ఎందుకు చూడాలో నా విద్యార్థులకు చెప్పాల్సి వస్తే నేను ఈ కథే చెబుతాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ వీడియో కాల్ చేశాడు. అభిరామ్ అత్తయ్య ఒళ్లో ఉన్నాడు. ఫోన్‌లో మధుకర్ వెనక చీకటి, ఒక లైటు. అక్కడ మనకంటే ముందే పొద్దు వాలుతుందని తనూ మరిచాడు, నేనూ మరిచాను.

"ఏందిరా, మూడు గంటలకే పొద్దుగూకిందా?"

"మబ్బు పట్టిందే అమ్మా."

"మబ్బుకే లైటు చుట్టు గన్ని పురుగులొచ్చినయా?"

సిగ్నల్ లేదన్నట్టు ఏదో గొణిగి పెట్టేశాడు. అత్తయ్య నా వైపు ఒకసారి చూసి, పిల్లవాడి మూతి తుడిచి, లోపలికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమంతా ఆవిడ నాతో అవసరమైన మాటలే మాట్లాడారు.

మర్నాడు సెంటర్‌లో కటకాల పాఠం ముగించి స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చేసరికి ఫోన్‌లో భూకంపం కబురు. ఆ దీవి పక్కనే. ఆరు పాయింట్ ఎనిమిది. లోతు తక్కువ. మొదట వచ్చే అంకె తర్వాత మారుతుందని నాకు తెలుసు. పెరగొచ్చు, తగ్గొచ్చు. అక్కడ ఇంకా పగలే. పని వేళ.

మధుకర్‌కు ఫోన్ చేశాను. కలవలేదు. కృష్ణకుమారి మేడంకు చేశాను. కలవలేదు. మళ్లీ ఇద్దరికీ చేశాను.

మన సునామీ హెచ్చరిక కేంద్రం ప్రకటన వచ్చింది: భారతదేశానికి సునామీ ముప్పు లేదు. దాన్ని ఎన్నిసార్లు చదివానో! ప్రకటనలో తప్పేమీ లేదు. దేశానికి ముప్పు లేదు. నా మనిషే దేశంలో లేడు.

సముద్రం లోతును బట్టి అల ఎంత వేగంతో వస్తుందో పిల్లలకు బోర్డు మీద వేసి చూపిస్తాను. ఆ లెక్క నా తలలో దానంతటదే నడిచింది. భూకంపం అంత దగ్గరైతే అల ఒడ్డుకు చేరడానికి ఎంతోసేపు పట్టదు. నాకు కబురు అందేసరికే అక్కడ జరగాల్సింది ఏదైనా జరిగిపోయి ఉంటుంది. నేను కంగారు పడుతున్నది అయిపోయినదాని గురించి.

తర్వాతి క్లాసు ఇంకొకరికి అప్పగించి మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ ఎంతసేపని! ఆ కాసేపట్లో నేను ఊహించుకున్నదంతా ఒక్కటే బొమ్మ: అందరూ గుట్ట వైపు పరుగెత్తుతున్నారు, మధుకర్ ఒక్కడు యంత్రం మీదికి వంగి "ఒక్క నిమిషం" అంటున్నాడు.

ఇంట్లో అత్తయ్య పిల్లవాడికి పప్పన్నం తినిపిస్తున్నారు.

"గింత జల్ది వచ్చినవేంది?"

"తలనొప్పిగా ఉందత్తయ్యా."

"తలనొప్పి ఉన్నోళ్లు ఫోన్‌ను గట్ల పిసుకుతరా?" ఆవిడ ముద్ద కలపడం ఆపారు. "వాడు ఒడిశల లేడు. ఔనా, కాదా?"

ఇక దాచలేకపోయాను. "లేడండీ. ఇండోనేషియాలో ఉన్నాడు."

"టీవీల జూపిచ్చిన్రు. సునామీ వచ్చింది. గాడనా?"

"అక్కడే."

"మల్లొచ్చిందా?"

"తెలియదు. భూకంపం అయితే వచ్చింది. ఫోన్లు కలవడం లేదు."

ఏడుస్తారనుకున్నాను. తిడతారనుకున్నాను. ఆవిడ పళ్లెం కింద పెట్టి, ఎడమచేత్తో కొంగు సర్దుకుని, నేను దారంతా అనుకున్న మాటే అడిగారు.

"వాడు ఉరుకుతడా?"

ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాను.

"చిన్నగున్నప్పుడు మా వెనకింటి గుడిసె అంటుకుంది. వాడకట్టు మొత్తం ఉరికింది. వీడు వాళ్ల నాయిన మగ్గం కాడ చిటికి కడ్తుండు. రారా అంటే, ఒక్క ముడి ఉన్నదే అమ్మా అంటడు. చెంప మీద ఒక్కటిచ్చి ఎత్తుకొచ్చిన." ఆవిడ నా వైపు తిరిగారు. "గాడ ఎవరున్నరు బిడ్డా, చెంప మీద కొట్టనీకె?"

ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. దుకాణం నుంచి మామయ్య. కోడలికి చెప్పి రాత్రికి చపాతీలు చేయించమని కాబోలు. అత్తయ్య గొంతు సవరించుకున్నారు.

"ఆ, చేస్తం. మధుకరా? ఇప్పుడే మాట్లాడిండు. మంచిగున్నడు. ఒడిశలనే ఉన్నడు, ఇంకేడుంటడు?" ఫోన్ పెట్టేసి నా మొహం చూశారు. "ఏంది జూస్తున్నవ్? ఆయనకు బీపీ. పరేషాన్ జేసుడెందుకు? నాకు అబద్ధం జెప్పిన సంగతి నీతోని తర్వాత మాట్లాడుత."

ఏదో ఒకటి చేయాలి కాబట్టి లాప్‌టాప్ తెరిచాను. లోకంలోని రేవుల్లో సముద్రం ఎంత మట్టాన ఉందో ఎప్పటికప్పుడు చూపించే అంతర్జాతీయ వెబ్‌సైట్ ఒకటి ఉంది. ఎవరైనా చూడొచ్చు. ఆ దీవికి కొంచెం దూరంలో ఒక రేవు, అందులో ఒక కొలత పరికరం. తెర మీద నీలం గీత.

"ఇదేంది? ఈసీజీ లెక్కున్నది."

"సముద్రం మట్టం అత్తయ్యా. మామూలుగా ఆటుపోట్లకు ఇలా నెమ్మదిగా లేస్తుంది, పడుతుంది. అల వస్తే గబగబా పైకీ కిందికీ ఊగుతుంది."

ఇద్దరం ఆ గీతను చూస్తూ కూర్చున్నాం. భూకంపం వచ్చిన సమయం దగ్గర వేలు పెట్టి ముందుకు జరిపాను. గీత నున్నగా ఉంది. తర్వాత సన్నగా వణకడం మొదలైంది. ఒక చిన్న మిట్ట, ఒక పల్లం.

"లేస్తుంది! గిదేనా?"

"చిన్నదే. జానెడు కూడా లేదు. కానీ అది రేవు దగ్గర. మధు ఉన్న ఒడ్డున ఎంత ఉందో దీన్నిబట్టి చెప్పలేం."

ఆ మాట అన్నంతలో గీత ఆగిపోయింది. పేజీని మళ్లీ తెరిచాను. అక్కడే ఆగి ఉంది. గడియారం ముందుకు పోతోంది, గీత పోవడం లేదు.

"ఆగిందేంది?"

"కరెంటు పోయి ఉంటుంది. లేకపోతే సమాచారం ఆలస్యమై ఉంటుంది."

"ఉంటది, ఉంటది అంటవ్. గంత చదువు చదివినవ్. ఒక్క మాట సక్కగ జెప్పు."

"తెలియదు అత్తయ్యా. నిజంగా తెలియదు."

ఆవిడ ఎండిన పప్పన్నం చెయ్యి అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అభిరామ్ నడుచుకుంటూ వచ్చి లాప్‌టాప్ మీద చెయ్యి వేశాడు. పేజీ ఎగిరిపోయి ఇంకెక్కడిదో రేవు వచ్చింది. అక్కడి సముద్రం హాయిగా లేచి పడుతోంది. వాణ్ని కసిరాను. వాడు బెదిరి ఏడిచాడు. అత్తయ్య వాణ్ని ఎత్తుకుని భుజాన వేసుకున్నారు. "నీకు పుణ్యముంటది, పిల్లగాన్ని అనకు" అన్నారు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

ఫోన్ మోగేసరికి వాడు ఆ భుజం మీదే నిద్రపోయాడు. కృష్ణకుమారి మేడం నంబరు. నేను అందుకునేలోపే అత్తయ్యే నొక్కి స్పీకర్ పెట్టారు.

"అమలా?" మధుకర్ గొంతు. "ఏం భయపడకు. అమ్మ పక్కన లేదు గదా? ఉంటే ఒడిశల అని..."

"ఉన్నది. ఈడనే ఉన్నది నీ అమ్మ" అన్నారు అత్తయ్య.

అవతల గాలి చప్పుడొక్కటే.

"ఉరికినవారా?"

"ఉరికిన అమ్మా."

"నిజం జెప్పు."

"ఉరికిచ్చిన్రు" అన్నాడు.

ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బడి పునాదుల దగ్గర మొదలుపెట్టిన కొలత తీరం వెంట చుట్టి వచ్చి మళ్లీ అక్కడికే చేరబోతోంది. ఆఖరి రెండు గుర్తులు మిగిలాయి. నేల ఊగింది. యంత్రం కదిలిపోతుందని తను రెండు చేతులా దాన్నే పట్టుకున్నాడు. ఊగడం ఆగింది. యంత్రం మట్టం చూస్తే పెద్దగా చెడలేదు. కన్ను పెట్టాడు. గుండ్రంలో అద్దం కనిపిస్తోంది. ఇబు మార్తా "పద" అని అరిచింది. "వన్ మినిట్" అన్నాడు. ఆవిడ మళ్లీ అరవలేదు. గుండ్రంలోంచి అద్దం మాయమైంది. తలెత్తి చూస్తే పోల్ ఇసుకలో పడి ఉంది. ఆవిడ అప్పటికే వీపు తిప్పి గుట్ట వైపు నడుస్తోంది.

"నేను పిలిచిన అమలా. ఒక్క నిమిషం, ఒక్క నిమిషమని. ఆమె మల్లి సూడనన్న సూడలే. పోల్ లేకుంటే నేను దేన్ని సూడాలె? ఏం జెయ్యాలె ఆడ నిలబడి? ఉరికిన."

"నీళ్లు వచ్చాయా?" అని అడిగాను.

"వచ్చినయి. పెద్దగ గాదు. ఇసుక దాటి పునాదులదాంక వచ్చి పోయినయ్. మిషన్ నిలబడే ఉన్నది. ఈ గుట్ట మీదికెంచి కనవడ్తుంది." తన గొంతులోకి పాత ఆరాటం వచ్చేసింది. "నీళ్లు ఎనక్కి పోయినయి. ఇప్పుడు దిగి తెచ్చుకుందమంటే పోనిస్తలేరు. గవర్నమెంటోళ్లు చెప్పేదాంక ఎవ్వరు దిగొద్దంట. పొద్దుగూకుతుంది. ఉరికి పోయి ఉరికొస్త, ఎంతసేపు? రెండే గుర్తులు అమలా."

నాకు ఒళ్లు మండింది. సునామీలో మొదటి అలే పెద్దదని ఎక్కడా లేదు. తర్వాత వచ్చేవి ఇంకా పెద్దవి కావచ్చు. గంటల తరబడి రావచ్చు. నీళ్లు తగ్గాయని దిగి వెళ్లినవాళ్లు ఎంతమంది పోయారో పుస్తకాల నిండా ఉంది. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. తను వింటున్నాడు. కానీ ఆ మౌనం నాకు తెలుసు. అది ఒప్పుకున్న మౌనం కాదు. యంత్రంలో కన్ను పెట్టిన మనిషి మౌనం.

అత్తయ్య నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. భుజం మీద పిల్లవాడు కదలకుండా, చాలా నిదానంగా అడిగారు.

"కట్టె పడేసినామె ఏడుంది?"

"ఈడనే. నా పక్కపొంటి."

"ఆమెకియ్యి ఫోన్."

"అమ్మా, ఆమెకు తెలుగు రాదు."

"నాకు గూడ ఆమెది రాదు. ఇయ్యి."

అవతల ఫోన్ చేతులు మారింది. ఎవరో ఆడమనిషి, ఎండిన గొంతు, ఏదో పలకరింపు. అత్తయ్య నిటారుగా కూర్చున్నారు.

"ఇబూ, నేను వీని తల్లిని. అమ్మను. ఆ... అమ్మను. మంచి పని జేసినవ్ తల్లీ. నీ కడుపు సల్లగుండ. వీడు మాట ఇనడు. చిన్నప్పటి సంది ఇనడు. ఇప్పుడు కిందికి పోత అంటుండు. పోనియ్యకు. ఏమన్న గాని, పోనియ్యకు. అంగీ పట్టుకో. మాట ఇనకపోతే ఒక్కటియ్యి. నేనేం అనుకోను."

ఆవిడ తన భాషలో చాలాసేపు మాట్లాడింది. మధ్యలో మధుకర్ పేరు రెండుసార్లు వినిపించింది. అత్తయ్య ప్రతి మాటకూ "ఆ... ఆ... ఔను" అంటూ తల ఊపారు. ఏం అర్థమైందని నేను అడగలేదు. చివర్లో ఆవిడ నవ్వింది. అత్తయ్య నవ్వలేదు. "అంతే" అన్నారు.

కాసేపు పెనుగులాటలాంటి చప్పుడు. తర్వాత మధుకర్.

"అమ్మా, ఏం జెప్పినవే ఆమెకు? అంగీ పట్టుకొని గుంజుతుంది. బురదల కూసోమంటుంది."

"కూసున్నవా?"

"అందరు నవ్వుతున్నరే!"

"నవ్వని. కూసున్నవా, లేదా?"

గాలి చప్పుడు మళ్లీ వినిపించింది. అత్తయ్య ఫోన్‌ను మొహానికి ఇంకా దగ్గరగా పట్టుకున్నారు. నేను ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను.

"కూసున్న" అన్నాడు.